దానంతల అదే పెట్టుకునే దర్వాజ

"తలుపు మూసుకుంది."

ఈ రెండు మాటల వాక్యం చదివి, తలుపు మూసింది ఎవరో చెప్పండి చూద్దాం. గాలికి తలుపే వచ్చి పడిందా? లోపలున్న ఆడమనిషి వేసుకుందా? వాక్యంలో ఎక్కడా ఆనవాలు దొరకదు. అదే మగమనిషైతే "తలుపు మూసుకున్నాడు" అంటాం, అనుమానానికి తావే లేదు. మా కరీంనగర్ మాటలో "దర్వాజ పెట్టుకున్నది" అన్నా ఇదే తిప్పలు. పెట్టుకున్నది దర్వాజనా, ఇంట్లో ఉన్న వదినెనా, ఒక్క క్రియను పట్టుకుని చెప్పలేం.

డిగ్రీలో దీన్ని మహత్తు, అమహత్తు అనే పాఠంగా చదువుకున్నాం. చిన్నయసూరి బాలవ్యాకరణం లెక్క ప్రకారం ఏకవచనంలో ఆడవాళ్లు, పశుపక్ష్యాదులు, ప్రాణం లేని వస్తువులు అంతా ఒక కట్ట. మగవాళ్లది వేరే కట్ట. బహువచనం వచ్చేసరికి మాత్రం ఆడవాళ్లను కూడా మగవాళ్ల వరసలో కలిపి "తలుపు మూసుకున్నారు" అంటాం. అంటే ఒక్క ఆడమనిషి తలుపుతో సమానం, ఇద్దరు కలిస్తే మనుషులు. క్లాసులో ఆడపిల్లలం దీనికి తెగ నవ్వుకునేవాళ్లం. ఇందులో సూరిగారి తప్పేమీ లేదు, భాష అట్లుంది, ఆయన ఉన్నది రాశారు. కన్నడం, తమిళం ఆడమనిషికి వేరే క్రియారూపం ఉంచుకున్నాయి. మన ఆదిలాబాద్ అడవుల్లో మాట్లాడే గోండి, కొలామి భాషలు మాత్రం తెలుగు దారిలోవే. పైగా వాటిలో బహువచనంలో కూడా ఆడవాళ్లకు మగవాళ్ల రూపం దక్కదు.

ఇదంతా ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, మా తమ్ముడి కొడుకు మైనింగ్ సర్దార్ పరీక్షకు చదువుతున్నాడు. ఇంగ్లీషు పుస్తకం ముందు పెట్టుకుని, తోటి పిల్లల కోసం తెలుగులో నోట్సు రాస్తున్నాడు. ఒకరోజు ఫోన్ చేసి, "అత్తా, సెల్ఫ్ క్లోజింగ్ డోర్ అంటే తెలుగుల ఒక్క మాటల ఏమనాలె? నువ్వు తెలుగు చదివినవ్ కద" అన్నాడు. ఇరవై ఏళ్లుగా నా డిగ్రీ గురించి ఎవరూ అడిగింది లేదు. అందుకే ఈ ప్రశ్నను కొంచెం గట్టిగానే పట్టుకున్నాను.

మొదట తోచేది "స్వయంచాలక". పత్రికల్లో, బోర్డుల మీద చూస్తూనే ఉంటాం. చాలక అంటే నడిపేది అని సంస్కృతం నుంచి వచ్చిన అర్థం. కానీ తెలుగు చెవికి "చాలక" అంటే వేరే వినిపిస్తుంది కదా. జీతం చాలక, టైం చాలక, అన్నం చాలక మళ్లీ కుక్కర్ పెట్టాను అంటాం. ఆ లెక్కన స్వయంచాలక తలుపంటే తన బలం తనకు చాలక ఇంకొకరు వచ్చి నెట్టాల్సిన తలుపు! హాస్యానికి అంటున్నాననుకోకండి, కొంతసేపయ్యాక ఈ రెండో అర్థమే నిజానికి దగ్గరగా కనిపించింది నాకు.

అసలు చిక్కు వేరే ఉంది. స్వయంచాలక అన్నా ఆటోమేటిక్ అన్నా "తనే కదిలేది" అనే తప్ప, తెరుచుకుంటుందో మూసుకుంటుందో చెప్పదు. షాపింగ్ మాల్ ముందు మనం నాలుగడుగుల దూరంలో ఉండగానే అద్దం తలుపు పక్కకు జరుగుతుంది. అది ఆటోమేటిక్. కొత్త బస్సుల్లో డ్రైవరు మీట నొక్కితే గాలి ఒత్తిడితో తలుపు పడుతుంది. దాన్నీ ఆటోమేటిక్ అనే అంటాం, డ్రైవరు వేలు మనకు కనిపించదు కాబట్టి. కానీ మా వాడు అడిగిన తలుపుకు కరెంటు లేదు, మీట లేదు. దాన్ని మనిషే చేత్తో నెట్టుకుని తెరవాలి. వదిలేశాక మాత్రం ఎవరూ వేయకుండా అదే పడిపోవాలి. తెరవడం మన పని, మూసుకోవడం దాని పని. మాల్‌లో ఈ తేడా ఎవరికీ పట్టదు. గనిలో పట్టించుకోకపోతే ప్రాణం పోతుంది.

గని దగ్గరికి పోయే ముందు ఆటోమేటిక్ అనే మాట పుట్టిల్లు ఒకసారి చూసి వద్దాం. గ్రీకు భాషలో ఆటోమాటోస్ అని ఒక విశేషణం ఉంది, తనంతట తాను అని అర్థం. హోమర్ ఇలియడ్ అయిదో భాగంలో హీరా దేవత రథం తోలుకుంటూ బయల్దేరుతుంది. స్వర్గ ద్వారాలు కిర్రుమంటూ వాటంతట అవే తెరుచుకుంటాయి. అక్కడ వాడింది ఈ విశేషణమే. మన సాహిత్యం చదివే వాళ్లకు ఇటువంటి ద్వారాలు వింతేమీ కాదు, కానీ నన్ను ఆపిన సంగతి ఒకటుంది. వాటంతట అవే తెరుచుకున్నాయని చెప్పిన కవి, ఆ వెంటనే ఆ ద్వారాలకు కావలి ఉండేది హోరాలు అనే ఋతుదేవతలని కూడా చెప్తాడు. మబ్బును తెరిచి మూసే పని వాళ్లకే అప్పగించారట. తలుపులు తనంతట తామే తెరుచుకుంటే కావలి ఆడవాళ్లు ఎందుకు? వాళ్లు ఉంటే "వాటంతట అవే" అనడం ఎందుకు? పండితులు ఏదో సమాధానం చెప్పే ఉంటారు. నాకు మాత్రం అది ఎవరో ఇల్లాలు వండి వడ్డించాక "భోజనం అయిపోయింది" అనడం లాగా అనిపించింది. అన్నం అయింది, ఎట్లా అయిందో మాటలో లేదు.

అదే గ్రీకు ప్రపంచంలో, క్రీస్తు తర్వాత మొదటి శతాబ్దంలో అలెగ్జాండ్రియా నగరపు హీరో అనే యంత్రశాస్త్రవేత్త గుడి తలుపుల కోసం ఒక కిటుకు రాసిపెట్టాడు. బలిపీఠం మీద నిప్పు రాజేస్తే కింద గోళంలోని గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, నీటిని ఒక బకెట్లోకి నెడుతుంది, బరువెక్కిన బకెట్ తాళ్లను లాగి తలుపులు తెరుస్తుంది. నిప్పు ఆరితే నీరు వెనక్కి పోతుంది, అటు వైపు కట్టిన ఎదురు బరువు తలుపులను మళ్లీ మూస్తుంది. గమనించండి, తెరవడానికి ఇంత తతంగం కావాలి, మూయడానికి ఒక బరువు చాలు. రెండు వేల ఏళ్ల తర్వాత కూడా దానంతల అదే మూసుకునే తలుపు రహస్యం ఆ బరువే.

ఇప్పుడు మన వైపు. నేను పుట్టింది బెల్లంపల్లిలో. అప్పుడది ఆదిలాబాద్ జిల్లా, 2016 నుంచి మంచిర్యాల జిల్లా. మా బాపు బొగ్గుబాయిలో టబ్బులు తోసే ట్రామర్‌గా చేరి, తర్వాత హాలేజీ పనిలో రిటైరయ్యాడు. ఇల్లెందు దగ్గర బొగ్గుందని 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త గుర్తించడం, 1889లో అక్కడ తవ్వకం మొదలవడం, 1920లో ఆ కంపెనీకి సింగరేణి కాలరీస్ అనే పేరు రావడం, ఆ దశాబ్దం చివర్లో బెల్లంపల్లి, ఆ తర్వాత చాలా ఏళ్లకు గోదావరి ఇవతల గోదావరిఖని తెరుచుకోవడం, ఇదంతా మన వైపు పిల్లలకు బడిలో చెప్పకపోయినా ఇంట్లో తెలిసే చరిత్ర. బాయి అంటే చుట్టాలకు నీళ్ల బావి గుర్తొస్తే, మాకు మూడు షిఫ్టులు గుర్తొచ్చేవి.

భూమి లోపలికి గాలి ఎట్లా పోతుందో చాలామందికి తెలియదు. ఒక దారిన మంచి గాలి లోపలికి పోవాలి, బొగ్గు కొట్టే చోటు దాకా తిరిగి, అక్కడి వేడిని, దుమ్మును, వాయువును మోసుకుని ఇంకో దారిన బయటికి రావాలి. బయటికి వచ్చే దారి చివర పెద్ద ఫ్యాను ఉండి లాగుతుంటుంది. పోయే దారిని ఇంటేక్ అని, వచ్చే దారిని రిటర్న్ అని అంటారు. ఈ రెండు దారుల నడుమ అక్కడక్కడ మనుషులు, టబ్బులు దాటడానికి సందులుంటాయి. ఆ సందుల్లో ఉండేవే ఈ తలుపులు.

వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను పక్కనే ఉన్న కిటికీ తెరిచి చూడండి. ఫ్యాను ఆ కిటికీ గాలినే లాక్కుని బయట పడేస్తుంది. పొయ్యి మీది పొగ పొయ్యి దగ్గరే తిరుగుతుంది. ఆ కిటికీ మూసి దూరంగా ఉన్న తలుపు తీస్తే, గాలి వంటిల్లంతా దాటి, పొగను మోసుకుని పోతుంది. గనిలో సందు తలుపు తెరిచి పెట్టడమంటే ఫ్యాను పక్క కిటికీ తెరిచినట్టే. గాలి దగ్గరి దారి చూసుకుని వెనక్కి పోతుంది, కిలోమీటరు అవతల బొగ్గు కొట్టే మనిషికి అందదు. ఆయనకు తెలిసేది ఉక్కపోత ఒక్కటే. బొగ్గులోంచి ఊరే మీథేన్‌కు రంగూ వాసనా లేవు. గాలిలో అది సుమారు 5 నుంచి 15 శాతం దాకా చేరిందంటే ఒక్క నిప్పురవ్వ చాలు. 1958 ఫిబ్రవరిలో పశ్చిమ బెంగాల్‌లోని చినాకురి గని పేలి 170 మందికి పైగా పోయారు. అది తలుపు వల్ల జరిగిందని నేననడం లేదు. గాలి పోక వాయువు నిలిచిన చోట ఏమవుతుందో చెప్పడానికే ఆ లెక్క.

అందుకే ఆ తలుపు తెరిచిన మనిషి మీద నమ్మకం పెట్టుకోకూడదు. ఆయన రెండు చేతులా టబ్బు ఉంటుంది, వెనక ఇంకో టబ్బు వస్తుంటుంది, షిఫ్టు అయిపోయే తొందర ఉంటుంది. తలుపే మూసుకోవాలి. దానికి చేసే ఏర్పాటు వింటే ఇంతేనా అనిపిస్తుంది. తలుపు బిగించే స్తంభాన్ని నిటారుగా కాకుండా కొంచెం వాలుగా నిలబెడతారు. తెరిచినప్పుడు తలుపు ఇసుమంత పైకి లేస్తుంది, వదలగానే తన బరువుకు తనే జారి పడుతుంది. రెండోది, గాలి ఏ వైపు నుంచి ఒత్తుతుందో ఆ వైపుకు ఎదురుగా తెరుచుకునేట్టు బిగిస్తారు. అప్పుడు గాలే దాన్ని నొక్కి పట్టుకుంటుంది. ఇంటేక్‌కు రిటర్న్‌కు నడుమ ఒక్క తలుపు కాదు, కనీసం రెండుంటాయి, వాటి మధ్య టబ్బులు నిలిచేంత ఎడం ఉంటుంది. ఒకటి తెరిచినప్పుడు రెండోది మూసి ఉండాలి.

మన పాత ఇళ్లల్లో కూడా ఇట్లాంటి తలుపులు ఉండేవి, కావాలని పెట్టినవి కాదు. గడపలో గుంట, పైన దర్వాజ చట్టంలో తొలి, ఆ రెండింటి మధ్య తిరిగే చెక్క తలుపులు అవి. పునాది ఒక పక్కకు కుంగితే తలుపు దానంతల అదే పడేది. మా అమ్మమ్మ "ఇల్లు వాలింది" అని చెప్పడానికి ఆ తలుపునే సాక్ష్యం పెట్టేది.

సరే, ఈ వాలు స్తంభం రాకముందు గని తలుపులు ఎవరు మూసేవాళ్లు? ఇక్కడికొచ్చేసరికి నా చేతిలోని పని ఆగిపోయింది. ఇంగ్లండు గనుల్లో ఆ పని పిల్లలది. వాళ్లను ట్రాపర్లు అనేవాళ్లు. అయిదారేళ్ల నుంచి పదేళ్ల లోపు పిల్లలను తలుపు పక్కన చిన్న గూట్లో కూర్చోబెట్టి చేతికి ఒక తాడిచ్చేవాళ్లు. టబ్బు వచ్చే చప్పుడు వినగానే తాడు లాగి తలుపు తియ్యాలి, దాటగానే వదలాలి. రోజుకు పన్నెండు గంటలు, చాలాసార్లు దీపం కూడా లేకుండా. కష్టపడి బరువులు మోసే పని కాదు కాబట్టి అది తేలిక పని అనేవాళ్లట. 1842లో అక్కడి పార్లమెంటుకు పిల్లల పని మీద ఒక విచారణ నివేదిక అందింది. అందులో గాబర్ గనిలో తలుపు దగ్గర కూర్చునే ఎనిమిదేళ్ల సారా గూడర్ అనే పాప సాక్ష్యం ఉంది. దీపం లేదని, భయమేస్తుందని, వెలుతురు ఉన్నప్పుడు పాటలు పాడుకుంటానని, చీకట్లో పాడటానికి ధైర్యం చాలదని ఆ పాప చెప్పుకుంది. చీకట్లో పాట కూడా పాడని ఆ పాపను తల్చుకున్నప్పుడల్లా, పిల్లలకు రాత్రి లైటు ఆర్పొద్దని మారాం చేసే వయసు అదే కదా అనుకుంటాను.

ఆ నివేదికకు నాలుగేళ్ల ముందు, 1838 జులై 4న, అదే యార్క్‌షైర్ ప్రాంతంలో హస్కర్ గనిలో ఇంకో ఘోరం జరిగింది. పెద్ద గాలివాన వచ్చింది, లోపలి పిల్లలు గాలి కోసం తవ్విన వాలు దారి గుండా బయటికి రాబోయారు. గాలి తలుపు దాటారు. అంతలో పొంగిన వాగు ఆ దారిలోకి దూకి వాళ్లను వెనక్కి, ఆ తలుపు మీదికే కొట్టింది. నీటి ఒత్తిడికి తలుపు బిగుసుకుంది. 26 మంది పిల్లలు, 11 మంది ఆడపిల్లలు, 15 మంది మగపిల్లలు, ఏడేళ్ల వాళ్ల నుంచి పదిహేడేళ్ల దాకా. గాలి ఒత్తిడికి బిగుసుకుని అందరి ప్రాణం కాపాడే తలుపు, నీటి ఒత్తిడికి బిగుసుకుని ప్రాణం తీసింది. తలుపుకు తేడా తెలియదు.

1842 చట్టంతో ఆడవాళ్లు, ఆడపిల్లలు, పదేళ్ల లోపు మగపిల్లలు భూమి లోపల పని చేయకూడదన్నారు. గూట్లో కూర్చునే పిల్లలు ఒక్కరోజులో మాయం కాలేదు, పదేళ్లు నిండిన వాళ్లు ఇంకా చాలాకాలం కూర్చున్నారు. కానీ మెల్లమెల్లగా ఆ పని తలుపు మీదికే బదిలీ అయింది. సెల్ఫ్ క్లోజింగ్ అనే విశేషణంలో ముందున్న ఆ సెల్ఫ్ ఒకప్పుడు తాడు పట్టుకున్న పిల్ల. మా వాడి పుస్తకంలో అది ఒక చిన్న పారిభాషిక పదం, పరీక్షలో రెండు మార్కులు. నేను మాత్రం ఆ మాట చూసినప్పుడల్లా గూట్లోకి తొంగిచూస్తున్నాను.

మన దేశంలో 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలు ఈ తలుపు గురించి స్పష్టంగా చెప్పాయి. వాటి స్థానంలో 2017లో కొత్తవి వచ్చాయి. గాలి తలుపు దానంతల అదే మూసుకునేదై ఉండాలి, తెరిచాక వీలైనంత త్వరగా మూయాలి, ఏదైనా అడ్డుపెట్టి తెరిచి ఉంచకూడదు. హాలేజీ దారిలో టబ్బుల రైలు దాటేంతసేపు మాత్రం మినహాయింపు. వాడకంలో లేని తలుపును బందుల నుంచి ఊడదీసి, గాలికి అడ్డం రాని చోట పెట్టాలి. వీటన్నిటిలో నాకు బాగా నచ్చింది ఇంకో ముక్క. ఏ కారణం చేతనైనా ఒక తలుపు ఇట్లా పనిచేయకపోతే, అక్కడి అధికారి వెంటనే ఆ తలుపు దగ్గర ఒక మనిషిని పెట్టాలి. చూశారా, యంత్రం తప్పితే మళ్లీ మనిషే. స్వయం చాలక.

"దానంతల అదే మూసుకోవాలి" అని రాసినవాళ్లే "వెంటనే మూయాలి" అని కూడా రాయడం మా వాడికి తప్పులా తోచింది. "అదే మూసుకుంటే ఇంక మూసుడెందుకు అత్తా?" అన్నాడు. రాసినవాళ్లకు మనుషుల సంగతి తెలుసు కాబట్టి రాశారన్నాను. తలుపు మాటిమాటికీ పడుతుంటే అడ్డంగా ఉందని రాయి పెట్టేది మనమే కదా.

మా ఇంట్లో ఆ రాయి మీద యుద్ధమే నడిచేది. బెల్లంపల్లి క్వార్టరులో వెనక తలుపు గాలికి కొట్టుకుంటుందని అమ్మ ఇటుక పెట్టేది. బాపు డ్యూటీ నుంచి రాగానే కాలితో ఆ ఇటుకను జరిపేవాడు. అమ్మ మళ్లీ పెట్టేది. "ఇది బాయి గాదు, ఇల్లు" అని ఆమె, "అలవాటు అలవాటే" అని ఆయన. భోజనం పళ్లెం ముందు కూర్చున్నా తలుపు తెరిచి ఉంటే ఆయన చూపు అటే పోయేది. ఒక తలుపు తీసేముందు వెనక తలుపు పడిన చప్పుడు వినాలని మాకూ నేర్పాడు, ఇంట్లో ఆ అవసరం లేకపోయినా. ఇప్పటికీ ఏ.సీ. గది తలుపు తీస్తే నా వెనక చప్పుడు కోసం ఒక క్షణం ఆగుతాను. మా వారికి ఈ అలవాటెందుకో పెళ్లయిన చాలా ఏళ్ల దాకా అర్థం కాలేదు.

ఇంటి సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. ఆ మధ్య ఒక పెళ్లిలో దగ్గరి చుట్టం ఒకాయన "నీకేంది, పిల్లలు పెద్దోళ్లయిండ్రు, ఇల్లు దానంతల అదే నడుస్తది" అన్నాడు. ఆయనది చెడ్డ మాట కాదు, మెచ్చుకోలే. నేనూ నవ్వాను. కానీ పొద్దున పాలు దానంతల అవే కాగవు, గ్యాసు బుక్ చేసే తేదీ దానంతల అదే గుర్తుండదు, అత్తమ్మ బీపీ గోళీలు నెల చివర దానంతల అవే డబ్బాలోకి రావు. తలుపు మూసుకున్నట్టు కనిపించే ఇంట్లో కూడా ఎవరో ఒకరు స్తంభాన్ని కొంచెం వాలుగా నిలబెట్టి ఉంటారు. అదే క్రియ, అదే "ంది". మొదట్లో చెప్పిన వ్యాకరణం ఇక్కడ నవ్వుకోవడానికి తక్కువ, ఆలోచించుకోవడానికి ఎక్కువ.

వంటింట్లోనే ఉన్న ఇంకో దర్వాజ ఫ్రిజ్‌ది. కొత్త ఫ్రిజ్ తెచ్చినప్పుడు బిగించే అబ్బాయి ముందు కాళ్లను కొంచెం ఎత్తి పెట్టడం చూశారా? ఫ్రిజ్ వెనక్కి ఇసుమంత వాలితే తలుపు దానంతల అదే పడుతుంది. బొగ్గుబాయి తలుపు సూత్రమే. చివరి వేలెడు దూరం తలుపు అంచున రబ్బరు పట్టీలో ఉన్న అయస్కాంతం లాక్కుంటుంది. ఈ అయస్కాంతం వెనక కూడా పిల్లలే ఉన్నారు. పాత ఫ్రిజ్‌లకు బయటి నుంచి పడే గొళ్ళెం ఉండేది. అమెరికాలో పారేసిన ఫ్రిజ్‌లలో దాక్కున్న పిల్లలు లోపల చిక్కి, తెరవలేక ఊపిరాడక పోయారు. అందుకే 1956లో అక్కడ ఒక చట్టం తెచ్చారు. ఫ్రిజ్ తలుపు లోపలి నుంచి నెడితే తెరుచుకోవాలని దాని సారం. గొళ్ళెం పోయి అయస్కాంతం రావడం ఆ తర్వాతే మామూలైంది. కనుక దానంతల అదే మూసుకోవడం ఒక్కటే గుణం కాదు, లోపలున్న వాళ్లు తోస్తే తెరుచుకోవాలి కూడా. హస్కర్ పిల్లలను తల్చుకుంటే ఈ రెండో సగం ఎంత ముఖ్యమో తెలుస్తుంది.

తెరుచుకోని తలుపులతో నవ్వుకునే కథలూ ఉన్నాయి. 2023 జనవరిలో సికింద్రాబాద్, విశాఖ మధ్య వందే భారత్ మొదలైన కొత్తలో రాజమండ్రిలో ఒకాయన ఫొటో దిగుదామని లోపలికెక్కాడు. తలుపులు పడ్డాయి. మళ్లీ తెరుచుకునేది విజయవాడలోనే. అప్పట్లో ఆ వీడియో అందరి ఫోన్లలో తిరిగింది. 2024 సెప్టెంబరు నుంచి నాగ్‌పూర్ వందే భారత్ మన రామగుండంలో ఆగుతోంది. చుట్టాలను రైలెక్కించడానికి వచ్చి సీటు దాకా సంచీ మోసే మనవాళ్లకు నా మనవి, ఆ తలుపు మొహమాటపడదు. అది మా వాడు అడిగిన జాతి తలుపు కాదు. గార్డో డ్రైవరో ఆజ్ఞ ఇస్తే పడేది. దాన్ని ఆటోమేటిక్ అనండి, తప్పు లేదు.

కానీ అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర ఉండే బరువైన తలుపుంది చూడండి, అగ్గి తలుపు, అది మాత్రం బొగ్గుబాయి తలుపుకు సొంత చెల్లెలు. మంట అంటుకున్నప్పుడు పొగ మెట్ల మీదికి రాకుండా, మెట్లు దిగే వాళ్లకు గాలి మిగలడానికి అది దానంతల అదే పడి ఉండాలి. మేముండే బిల్డింగులో దానికి ఒక అంతస్తులో తులసి కుండీ, ఇంకో అంతస్తులో పాత గ్రైండరు రాయి అడ్డం పెట్టారు. పిల్లల సైకిళ్లు తీసుకుపోవడానికి అడ్డంగా ఉందట. కమిటీ వాట్సాప్‌లో ఎవరో "సెల్ఫ్ క్లోజింగ్ డోర్, డు నాట్ అబ్‌స్ట్రక్ట్" అని పెట్టారు, ఎవరూ కదల్లేదు. నేను తెలుగులో పెట్టాను: "ఈ తలుపు దానంతల అదే పెట్టుకుంటది. రాయి పెట్టకండ్రి. మంటలొస్తే పొగ మెట్ల మీదికి వస్తది." కుండీ ఆ సాయంత్రమే పోయింది. గ్రైండరు రాయి ఇంకా ఉంది, దాని సొంతదారు ఊళ్లో లేరు.

ఇంతకీ మా వాడికి ఏమని చెప్పాను? ఒక్క మాట దొరకలేదు. "తానుమూత", "స్వయంమూత" అని అతికించి చూస్తే డబ్బా మూతలా వినిపించాయి. తెలుగుకు ఇట్లాంటి చోట విశేషణం కన్నా క్రియ బలం. "మూసుకునే" అన్న మాటలో "కొను" ఉంది, అందులోనే "తనకు తాను" ఉంది. ఆ పైన అనుమానం లేకుండా "దానంతట అదే" చేర్చుకోవాలి, మనవైపైతే "దానంతల అదే". నాలుగు మాటలైనా సరే, ఎవరు మూస్తారో ఎవరికీ సందేహం ఉండదు. అంటే "తలుపు మూసుకుంది"లో పోయిన ఆనవాలును "దానంతల అదే" తెచ్చి పెడుతుంది.

చివరికి బాపునే అడిగాను, బాయిల దాన్ని ఏమనేటోళ్లు అని. ఎనభై దాటిన మనిషి, చెవులు సరిగ్గా వినపడవు, రెండుసార్లు అరిచి చెప్పాను. "డోరు" అన్నాడు. దానంతల అదే పెట్టుకునే దాన్ని బాపూ అంటే, "అదే, డోరు. ఏర్ డోరు" అన్నాడు మళ్లీ, నాకు అర్థం కావట్లేదేమో అన్నట్టు. ఆయన ముప్పై ఏళ్లు చూసిన బాయిలో ఆ సందుల్లో ఇంకో రకం తలుపు లేదు, కాబట్టి దాన్ని వేరుచేసే విశేషణం వాళ్లకు అక్కర్లేకపోయింది. మా వాడు నోట్సులో "ఏర్ డోరు" అనే రాసుకుని, కింద దానంతల అదే మూసుకునేది అని ఒక లైను పెట్టి, పక్కన వాలు స్తంభం బొమ్మ గీశాడు.